ఆఖరి పట్టు

హైదరాబాదు నుండి చేవెళ్లకు పోయే బాటలో మొయినాబాదు దాటిన పిమ్మట రెండు ప్రక్కలా మర్రిచెట్లు కమ్ముకొని వస్తాయి. మొన్న దసరా సెలవులలో ఆ నీడ వెంబడే మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. గడపలో కాలు పెట్టగానే ముందుగదిలో పెద్ద కేక వినిపించింది. ఏమి ప్రమాదమోనని తొంగి చూతును గదా, దాని మనుమడు పదకొండేళ్లవాడు, టెలివిజను తెర ముందు బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. చేతిలో మీటల పెట్టె. తెరమీద ఒక మల్లుడు మరొకనిని భుజాలకెత్తుకొని దభీమని నేలకు కొట్టాడు. కేక ఆ విజయానికి సంబంధించినది. ప్రక్కన కూర్చొని, "ఏమిరా, వాడిని మొదటే ఎత్తి పడవేయరాదా, ఇంతసేపు గుద్దులెందుకు?" అన్నాను. "అట్ల నడువది తాతా! గీత నిండాలె. నిండితేనే ఫినిషర్ పడతది" అని నాకు శాస్త్రోపదేశం చేశాడు.

ఈ ఆటలు కొత్తవేమీ కావు. 1983లో జపాను దేశపు టెక్నోస్ సంస్థ, నాణెం వేసి ఆడే యంత్రాలకోసం, జంట మల్లుల ఆటనొకదానిని తయారుచేసింది. 2000లో వచ్చిన 'నో మెర్సీ' అనే ఆటలో మల్లుని ఉత్సాహానికి ఒక కొలత ఉండేది. దెబ్బ కొట్టిన కొద్దీ అది పెరుగుతుంది; తిన్న కొద్దీ తరుగుతుంది. పూర్తిగా నిండి 'స్పెషల్' అని మెరిసిన ఆ కొద్ది క్షణాలలో గట్టి పట్టు పట్టి మీట త్రిప్పితే, ఆ మల్లునికి పేరు తెచ్చిన ఆఖరి పట్టు పడుతుంది. ఆలస్యమైతే మెరుపు ఆరిపోతుంది. పిల్లలకు అంత తృప్తినిస్తున్నది పట్టు ఒక్కటే కాదు, దానికోసం పడిన నిరీక్షణ కూడ అని నాకు తోచింది. ఊరికే దొరికే ఫినిషరును ఎవడు మెచ్చుకుంటాడు?

ఈ ఆఖరి పట్టు అనే భావం మనకు ఎక్కడినుండి వచ్చినదని ఆలోచిస్తే, దారి చాలా వెనుకకు పోతుంది.

విరాటుని కొలువులో వంటలవానిగా ఉన్న భీముడు జీమూతుడనే మల్లుని ఎలా చంపాడు? పైకెత్తి, గిరగిర త్రిప్పి, నేలకు కొట్టాడు. మధురలో కృష్ణుడు చాణూరుని చేతులు పట్టి త్రిప్పి విసరికొట్టాడు. జరాసంధుని విషయంలోనూ చీల్చడానికి ముందు జరిగినది ఆ త్రిప్పుడే. ముగ్గురు మల్లులు, ఒకే ముగింపు. తెలుగునాట ఏ వీథిభాగవతంలోనైనా ఆ ఎత్తి త్రిప్పే ఘట్టం కోసమే జనం తెల్లవార్లూ మేలుకొని కూర్చునేవారు. ఈ కాలపు రింగులో కూడ ఎదిరిని భుజాలమీద అడ్డంగా వేసుకొని, కళ్లు తిరిగేదాకా త్రిప్పి, క్రింద పడవేసే పట్టు ఉన్నది. ఆంగ్లేయులు దానికి విమానం పేరు పెట్టుకొన్నారు. విమానం పుట్టకముందే మన భీముడు దానిని వాడుకొన్నాడు.

పురాణం మాట అట్లుండగా చరిత్రలోకి వద్దాం. చేవెళ్లకు వాయవ్యంగా, నేటి బీదరు జిల్లాలో, బసవకల్యాణమనే పట్టణమున్నది. పూర్వం అది పశ్చిమ చాళుక్యుల రాజధాని కల్యాణి. 1127 నుండి 1138 వరకు ఏలిన మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో 'మానసోల్లాస'మనే మహాగ్రంథం రచించాడు. అందులో మల్లయుద్ధానికి ఒక అధ్యాయమున్నది. మల్లుల తరగతులు, వారికి పెట్టవలసిన తిండి, చేయించవలసిన సాధన, పట్లు, అన్నీ చెప్పాడు. శ్రేష్ఠుడైన మల్లుని జ్యేష్ఠికుడన్నాడు. మన తెలుగులో మల్లునికున్న 'జెట్టి' అనే మాట ఈ జ్యేష్ఠ శబ్దం నుండి వచ్చినదే. జగజెట్టి అని నేటికీ అంటున్నాము. అన్నిటికన్న నన్ను ఆకర్షించినది ఆ అధ్యాయానికి పెట్టిన పేరు: మల్లవినోదం. అంటే రాజు కూర్చొని చూడడానికి ఏర్పరచినది. తొమ్మిది వందల ఏళ్ల క్రిందటనే ఈ దేశంలో కుస్తీ ఒక ప్రదర్శన. చూచేవారిని మెప్పించే మల్లుడు నిన్న మొన్న అమెరికాలో పుట్టినవాడని అనుకోవడం పొరపాటు.

విజయనగరంలో సంగతి మరికొంత కటువు. 1520 ప్రాంతంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు పథికుడు పేస్, శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒంటికి పట్టించుకొని, బరువులెత్తి, కత్తి త్రిప్పి, తన జెట్టి ఒకనితో కుస్తీ పట్టేవాడని వ్రాశాడు. ప్రభువుతో పట్టిన ఆ జెట్టి ఆఖరి పట్టు వేయగలిగాడా, వేయగలిగినా వేశాడా అన్నది పేస్ చెప్పలేదు. ఊహించుకోవచ్చును. అదే పేస్ మహర్నవమి ఉత్సవాలలో మల్లులు పళ్లూడేటట్లు, ముఖాలు చెడేటట్లు గ్రుద్దుకొనేవారని కూడ వ్రాశాడు.

తరువాతి కాలంలో తురుష్క, పారశీక సంప్రదాయం కలిసి జెట్టి పైలవాన్ అయ్యాడు. గురువు వస్తాదు అయ్యాడు. సాముశాల తాలింఖానా అయింది. కుస్తీ అన్న మాటే పారసీకం. హైదరాబాదు పాతబస్తీలో, ముఖ్యంగా బార్కస్‌లో, తాలింఖానాలకు గొప్ప పేరుండేది. 1958లో అఖిల భారత 'హింద్ కేసరి' బిరుదానికి మొదటి పోటీలు హైదరాబాదులోనే జరిగినవి. ఆ గాలి పల్లెలకూ సోకింది. జాతరనాడు చెరువుకట్ట క్రింద మట్టి త్రవ్వి, రాళ్లేరి, గోదా సిద్ధం చేసేవారు. మొదటి జోడీకి కొబ్బరికాయ బహుమానం. ఆఖరు జోడీకి వెండి కడెం.

నా చిన్ననాట చేవెళ్ల దగ్గరి ఒక పల్లెలో అటువంటి జాతర చూశాను. చెవులు నలిగి ముద్దలైపోయిన ముసలి వస్తాదు ఒకడు గోదా అంచున కూర్చొని ఉన్నాడు. ఆయన ఆనాడు నోట చెప్పిన పట్ల పేర్లు ఇంకా చెవిలో ఉన్నవి. అందులో రెండింటిని గురించి చెప్పకుండా ఉండలేను.

ఒకటి ధోబీపాట్. చాకలి బండమీద గుడ్డను ఎట్లా బాదుతాడో అట్లా. ఎదిరి చేతిని రెండు చేతులా పట్టి, చటుక్కున వెనుదిరిగి, ఆ చేతిని తన భుజం మీదికి లాగి, నడుము వంచి ముందుకు విసరాలి. సరిగా పడితే ఎదిరి గాలిలో అర్ధచంద్రాకారంగా తిరిగి వీపున పడతాడు. చూడడానికి ఇంతకన్న సొంపైన పట్టు లేదు. ఇంతకన్న ప్రమాదకరమైనదీ లేదు. ఎందుకంటే అది వేయడానికి శత్రువుకు వీపు చూపాలి. రెప్పపాటు ఆలస్యమైతే వాడు వెనుకనుండి నడుము వాటేసుకొంటాడు. ఇక లేవడం దుర్లభం.

రెండవది కలాజంగ్. ఎదిరి చేతిని ఒక చేత పట్టి, వాని చంక క్రిందికి తల దూర్చి, రెండవ చేతిని తొడల సందున పోనిచ్చి, మోకాళ్లు వంచి వాని బరువునంతా భుజాలమీదికి తీసుకోవడం. అక్కడినుండి ప్రక్కకు దొర్లిస్తే వాడు వెల్లకిల పడతాడు. ఇందులో బలం కన్న ముఖ్యం, తన నడుము ఎదిరి నడుముకన్న క్రిందికి పోవడం. అందుచేతనే పొట్టివాడు పొడుగువాని మీద దీనిని వాడుకొంటాడు.

పట్టు ఏదైనా, వీపు మట్టికి అంటితే పని ముగిసినట్లే. అట్లా వెల్లకిల పడిన స్థితిని హిందీలో 'చిత్' అంటారు. ఎన్నికలలో ఒకడు చిత్తుగా ఓడినాడని పత్రికలు వ్రాసినప్పుడల్లా నాకు ఆ చెరువుకట్ట క్రింది మట్టి గుర్తుకు వస్తుంది.

అయితే నిజమైన గోదాలో గీత నిండడమనేది లేదు. ఇందుకు తార్కాణం గామా పైలవాన్ కథ. 1910 సెప్టెంబరు 10న లండనులో ఆయన పోలండు మల్లుడు జ్బిస్కోతో తలపడినాడు. జ్బిస్కో గామా బలం చూచి బోర్లపడి చాపకు అంటుకొనిపోయాడు. దాదాపు మూడు గంటలసేపు అదే వరస! ప్రపంచంలోకెల్ల గొప్ప మల్లుడు కూడ, బోర్లపడుకొన్న మనిషిని వెల్లకిల త్రిప్పలేకపోయాడు. ఫలితం తేలక వారం తరువాత మరల పెట్టుకొంటే జ్బిస్కో రానేలేదు; విజయం గామాకు దక్కింది. పద్దెనిమిదేళ్ల తరువాత, 1928లో, పటియాలాలో మరల కలిశారు. ఈసారి నిమిషం లోపలనే ముగిసింది. ఎదురుచూచినది మూడు గంటలా, పద్దెనిమిదేళ్లా?

ఆ మూడు గంటలు ఎవరు చూస్తారు? టిక్కెట్టు కొన్నవాడు చూడడు. వృత్తి కుస్తీలో ఆఖరి పట్టుకు ప్రత్యేకంగా ఒక పేరు, ఒక వేళ ఏర్పడడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. దారాసింగు, కింగ్‌కాంగుల నాటికి మన దేశంలోనూ అటువంటి కుస్తీకి మైదానాలు నిండేవి. 1968 మే 29న బొంబాయిలో దారాసింగు అమెరికా మల్లుడు లూ థెజ్‌ను ఓడించాడు. ఆ తరువాత తొంభైలలో కేబుల్ టెలివిజను వచ్చి, అండర్‌టేకర్‌కు ఏడు ప్రాణాలున్నవని మన పిల్లలంతా నమ్మేదాకా తెచ్చింది. ఆనాడు వారి జేబులలో గోలీలకు బదులు ఆ మల్లుల బొమ్మల చీట్లుండేవి. 2023 సెప్టెంబరు 8న ఆ అమెరికా సంస్థవారే హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో ప్రదర్శన ఇచ్చారు. జాన్ సీనా వచ్చి పాల్గొన్నాడు. మొయినాబాదుకు అది ఎంతో దూరం కాదు.

మావాని కిష్టుడు ఈ జాన్ సీనాయే. అతని ఆఖరి పట్టు తెరమీద మూడవసారి చూచేటప్పుడు నాకు చటుక్కున తట్టింది. చంక క్రింద తల, తొడల సందున చేయి, భుజాలమీద బరువు. అది కలాజంగ్! ముసలి వస్తాదు మోకాళ్లమీద దొర్లించిన దానిని వీడు నిలువుగా లేచి విసురుతున్నాడు. అంతే భేదం. సంగతి చెప్పగానే వాడు ఆట ఆపి నావైపు తిరిగినాడు. "మరి తాతా, టీవీలోది అబద్ధమంటరు గదా?" అన్నాడు.

ఏమని చెప్పను? కీచకుడు చస్తాడని తెలిసే కదా మేము వీథిభాగవతానికి పోయింది. రింగులో పడేవాడు పడడానికి ఒప్పుకొని, తానే కొంత ఎగిరి సహకరిస్తాడు. కాని వంద కిలోల మనిషిని భుజాలకెత్తడం అబద్ధం కాదు; మెడ విరగకుండా పడడమూ అబద్ధం కాదు. గోదాలో ఎదిరివాడు పడనని భీష్మించుకొని ఉంటాడు, అదే తేడా అని చెప్పాను. నేను లోలోపల అనుకొన్నది మాత్రం వేరు. తెరమీది ప్రతి పట్టుకూ పేరున్నది, పటమున్నది, ఏ మీట నొక్కాలో వివరమున్నది. మా వస్తాదు పట్లు ఆయన చేతులలోనే ఉండెను. కాగితంమీదికి ఎక్కించమని అడిగినవారు లేరు. నేనూ అడగలేదు.

సాయంత్రం వాడు నన్ను పిలిచి తెర చూపించాడు. ఈ ఆటలలో మనకు కావలసిన మల్లుని మనమే తయారుచేసుకోవచ్చునట. ఎర్ర లంగోటి, తెల్ల మీసాలు, కొంచెం పొట్ట. పేరు 'వస్తాద్'. ఆఖరి పట్టుగా ఆ భుజాలమీది విసురే ఎన్నుకొన్నాడు. "నలిగిన చెవులు దొరకలె తాతా" అని నొచ్చుకొన్నాడు కూడ. ఆపైన వాని వస్తాదు మొదటి కుస్తీలోనే ఓడిపోయాడు. గీత సగమైనా నిండలేదు.