తాఖ్ నుంచి అల్మారీ దాకా

మొన్న ఇంట్లో గోడకు మేమే చెక్క అరలు బిగించుకున్నాం. డ్రిల్ పెట్టగానే సన్నటి గోడ పొడిపొడిగా రాలింది.

నానీ ఇంట్లో ఈ బాధ లేదు. రాయి, డంగుసున్నంతో మందంగా కట్టే గోడల్లోనే కమాన్‌తో తాఖ్‌లు వదిలేవారు. తెలుగులో గూడు అంటాం. కింద చిరాగ్, పైన జుజ్‌దాన్‌లో ఖురాన్ షరీఫ్.

అల్మారీ అనే మాట పోర్చుగీసుల 'అర్మారియో' నుంచి వచ్చింది. వాళ్లు 1510లో బీజాపూర్ సుల్తానుల నుంచి గోవా తీసుకున్నారు. దాని లాటిన్ మూలం 'అర్మారియం', పనిముట్లు, ఆయుధాలు దాచే పెట్టె.

గోడలు సన్నబడి తాఖ్ పోయింది. ముహావరా మిగిలింది: 'తాఖే నిస్యాఁ', మరపు గూడు. అదబ్‌తో ఎత్తున పెట్టిన కితాబ్‌నే మనం మరిచిపోతుంటాం. అందుకే ఖురాన్ అరను బేటీ చెయ్యి అందే ఎత్తులో బిగించాం.