నార నుంచి నైలాన్ దాకా: ఖానాపూర్ ప్రాంతంలో తాటి చరిత్రకు ఒక పరిశీలన

వ్యవసాయ చరిత్ర రచనలో నాగలికీ, బావికీ లభించిన స్థానం తాడుకు లభించలేదు. నార తాడు మట్టిలో కలిసిపోతుంది. పురావస్తు ఆధారంగా మిగలడం అరుదు. కనుక ముడిసరుకు, వినియోగం, పదజాలం అనే మూడింటి ఆధారంగా దాని చరిత్రను పునర్నిర్మించుకోవలసి ఉంటుంది. గోదావరికి ఉత్తరాన, ఒకవైపు సాగుభూమి, మరొకవైపు అడవి ఉన్న ఖానాపూర్ (2016కు పూర్వం ఆదిలాబాదు జిల్లా, నేడు నిర్మల్ జిల్లా) ఇందుకు అనువైన క్షేత్రం.

ఇటువంటి ప్రాంతాలలో ముడిసరుకుకు రెండు మూలాలున్నాయి. జనుము, గోగు పొలం నుంచి వచ్చేవి. మోదుగ వేళ్ల నార, అడ్డతీగ పట్ట అడవి నుంచి వచ్చేవి. జనుము కట్టలను కొన్ని రోజులు నీటిలో ఊరవేసి, నార ఒలిచి, ఉతికి ఆరబెట్టేవారు. పొట్టి పోగులకు బలాన్నిచ్చేది పురి. పేటలను ఒక దిక్కుకు పురిపెట్టి, వాటిని ఎదురు దిక్కుకు పెనవేయడం వల్ల తాడు విడిపోకుండా నిలుస్తుంది.

చేంతాడు, పగ్గం, తలుగు, మోకు, నులక వంటి పేర్లు వాడుకను తెలుపుతాయే గాని ముడిసరుకును కాదు. అందువల్లనే నార పోయినా పేర్లు నిలిచాయి. పగ్గం నైలాన్‌దైనా పగ్గమే.

నార తాళ్ల క్షీణతకు ప్లాస్టిక్ ఒక్కటే కారణమనడం అసమగ్రం. అటవీ రిజర్వుల వల్ల ఆదివాసుల హక్కులు కుంచించుకుపోయిన తీరును 1940లలోనే హైమెండార్ఫ్ నమోదు చేశాడు. అడవి నార లభ్యతను ఈ నేపథ్యంలో చూడాలి. అనంతరం కరెంటు మోటార్లు మోటను, ట్రాక్టర్లు ఎడ్లను తొలగించడంతో మోటతాడుకూ, పగ్గానికీ గిరాకీ తగ్గింది. మిగిలిన అవసరాలను కృత్రిమ తాళ్లు ఆక్రమించాయి. 1935లో కరోథర్స్ బృందం రూపొందించిన నైలాన్, 1954లో నట్టా రూపొందించిన పాలీప్రొపిలీన్ నీటిలో కుళ్లవు. సుమారు 0.91 సాంద్రత గల పాలీప్రొపిలీన్ నీటిపై తేలుతుంది కూడా. అయితే అది ఎండకు పెళుసుబారి, ముక్కలై నేలలో మిగిలిపోతుంది. నార తాడు ఎరువవుతుంది.

జనుము నేటికీ తెలంగాణ పొలాల్లో ఉంది. కాని దానిని పచ్చిరొట్టగా, నార ముదరకముందే దున్నేస్తున్నారు. పంట నిలిచింది, విద్య తొలగింది. కాబట్టి నార ఒలిచి, పురిపెట్టడం తెలిసిన చివరి తరం వృద్ధుల మౌఖిక కథనాలను ఇప్పుడే సేకరించడం ప్రాంతీయ చరిత్ర పరిశోధకుల తక్షణ కర్తవ్యం.