రాధికా సాంత్వనము, ఒక యంత్రం అడిగిన ప్రశ్న

ఈ మధ్య మలంచాలో మా ఇంట్లో కూర్చుని ఒక ఏఐ సహాయకుడికి ఒక పని చెప్పాను. గుడిలో నాగుపాము ప్రత్యక్షమై మాట్లాడిందనీ, ఈ కరపత్రం వెయ్యి కాపీలు పంచినవారికి లాభం, చింపినవారికి కీడు అనీ జనం నమ్మేలా రాసిపెట్టమన్నాను. ఇలాంటి కరపత్రాలు తెలుగువారికి కొత్త కాదు. మా చిన్నప్పుడు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లకు కూడా పోస్టుకార్డుల మీద వచ్చేవి. ఏ వాక్యంలో భయం ఎలా పెడతారో కుర్రవాళ్ళకు విడమరచి చెప్పాలని నా ఉద్దేశం. ఆ సంగతి మాత్రం యంత్రానికి చెప్పలేదు.

అది కాదనలేదు, రాసీ ఇవ్వలేదు. "ఇది పంచడానికా, ఇలాంటివాటి గుట్టు విప్పడానికా? రెండోదైతే ప్రతి వాక్యం పక్కనా వివరణ కూడా ఇస్తాను" అంది.

నాకు నవ్వొచ్చింది. రక్షణ శాఖ లెక్కల ఆఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన పని అదే. బిల్లు టేబుల్ మీదికి వస్తే పాస్ చేయవచ్చు, అబ్జెక్షన్ రాసి తిప్పి పంపవచ్చు, అనుమానం ఉన్నచోట ఒక ప్రశ్న అడగవచ్చు. కొత్తగా చేరిన గుమాస్తా అన్నీ తిప్పి పంపుతాడు. అలా చేస్తే అతని మీదికి ఏదీ రాదు. నష్టపోయేది ఎక్కడో సరిహద్దులో ఉన్న జవాను. నాలుగో దారి ఒకటుంది, అన్నిటికంటే చెడ్డది: చెప్పకుండా కొంత కోసేసి మిగతాది పాస్ చేయడం.

ఈ దారులన్నీ తెలుగు సాహిత్య చరిత్రలో ఒకే పుస్తకం విషయంలో కనిపిస్తాయి. అది ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనము. ఆమె 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి, దేవదాసి. శృంగారంలో స్త్రీ కోరికను స్త్రీయే చెప్పిన కావ్యం అది. 1887లో పైడిపాటి వెంకటనరసు దీన్ని అచ్చువేసినప్పుడు కవయిత్రి తన వంశం గురించి చెప్పుకున్న పీఠికనూ, కొన్ని పద్యాలనూ తీసేశారు. ఇది నాలుగో దారి.

తర్వాత మన కందుకూరి వీరేశలింగం గారు. వితంతు వివాహాలు జరిపించిన మనిషి, మూఢాచారాలపై పోరాడిన మనిషి, మనందరం తలచుకునే మనిషి. ఆయన తన ఆంధ్ర కవుల చరిత్రములో ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, స్త్రీ నోట రాకూడని మాటలు రాసిందని ఆమె శీలాన్నే నిందించారు. అంటే బిల్లులో ఏముందో చూడకుండా, తెచ్చినవారు ఎవరో చూసి తిప్పి పంపడమే కదా!

అసలు ప్రశ్న అడిగింది బెంగుళూరు నాగరత్నమ్మ గారు. తర్వాతి కాలంలో తిరువయ్యూరులో త్యాగరాజు సమాధి మందిరం కట్టించిన గాయని ఆమె. రాతప్రతి సంపాదించి, పూర్తి పాఠాన్ని 1910లో వావిళ్ళ వారి ద్వారా అచ్చువేయించారు. మగకవులు ఇంతకంటే పచ్చిగా రాసినవి ముద్దు, ఆడది రాస్తే బూతు ఎలా అయిందని పీఠికలోనే నిలదీశారు. జవాబు రాలేదు, పోలీసులు వచ్చారు. 1911లో ప్రతులు స్వాధీనం చేసుకున్నారు, పుస్తకం నిషేధంలో పడింది. 1947లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. 1952లో పుస్తకం మళ్ళీ వచ్చింది. నాగరత్నమ్మ గారు కన్నుమూసింది ఆ ఏడాదే.

ఆనాటి చట్టం వెనుక 1868 నాటి ఇంగ్లండు హిక్లిన్ తీర్పు ఉంది. బలహీన మనస్కుల చేతిలో పడితే చెడగొట్టేదా అని చూడటం దాని సూత్రం. ఎవరు, ఎందుకు రాశారు, మొత్తం రచన ఏమిటి అన్న ప్రశ్నలకు అందులో చోటు తక్కువ. 2014లో పశ్చిమ బెంగాల్ నుంచే వెళ్ళిన అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు ఆ కొలబద్దను పక్కన పెట్టి, సందర్భం చూడాలని చెప్పింది. ఆ ఒక్క మాటకు దాదాపు నూట యాభై ఏళ్ళు పట్టింది.

అలాగని యంత్రాన్ని పొగడటం లేదు. రాధికా సాంత్వనము సారాంశం చెప్పమంటే శృంగారమంతా తీసేసి భక్తి కథలా చెప్పింది. తీసేశానని కూడా చెప్పలేదు. గట్టిగా అడిగాక ఒప్పుకుంది. 1887 నాటి కత్తెర ఇంకా పదునుగానే ఉంది!

ప్రశ్న అడిగితే అబద్ధం చెప్పేవారు ఉండరా అనవచ్చు. ఉంటారు. దొంగ బిల్లు పెట్టినవాడు కూడా సంతకం పెట్టే ఇస్తాడు. కానీ జవాబు కాగితం మీద ఉంటుంది, రేపు నిలదీయవచ్చు. ఇక కొన్నిటికి ప్రశ్న అక్కర్లేదు. ఫలానా ముసలామె మంత్రగత్తె అని ఊరికి పంచే కరపత్రం రాయమంటే, మనిషైనా యంత్రమైనా కుదరదని సూటిగా చెప్పాలి. అలాంటి మాటలు ప్రాణాలు తీస్తాయని మన సంఘాల వారికి వేరే చెప్పాలా?

స్పష్టంగా కీడు చేసేదాన్ని కారణం చెప్పి కాదనాలి. అస్పష్టంగా ఉన్నదాని గురించి అడగాలి. ఏది కోసినా, కోశానని రాసిపెట్టాలి. ఇది ఆడిట్ మాన్యువల్ నీతే. వీరేశలింగం గారి సేవలు చెప్పుకునే మన సభల్లో ఈ పొరపాటు కూడా చెప్పుకోవాలి. మన పెద్దల తప్పుల దగ్గర ఆగిపోయే ప్రశ్న హేతువాదం ఎలా అవుతుంది? ఆలోచించండి.