సెలవులకు వచ్చి జబ్బు పడితే: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఎక్కడికి వెళ్లాలి? ఏ కార్డు పనికొస్తుంది?

విజయవాడ, సూర్యాపేట, నల్గొండ వైపు నుంచి హైదరాబాద్ వచ్చే బస్సుల్లో సగం మంది ఎల్బీనగర్‌లోనే దిగిపోతారు. చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, వనస్థలిపురం కాలనీల్లో ఎవరో ఒక చుట్టం ఉండని కుటుంబం ఆ జిల్లాల్లో తక్కువే. మే నెలలో పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చి నాలుగు రోజులు ఉన్నప్పుడు ఒకరికి విరేచనాలు పట్టుకుంటాయి, ఇంకొకరికి వడదెబ్బ తగులుతుంది, బీపీ మాత్రలు ఊళ్లోనే మర్చిపోయిన తాతయ్యకు కళ్లు తిరుగుతాయి.

ఇక్కడ జబ్బు కంటే ముందు అడ్డొచ్చేది మొహమాటం. 'వాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకు' అని చుట్టంగా వచ్చిన మనిషి నొప్పిని దాచుకుంటారు. 'పొద్దున చూద్దాంలే' అని ఇంటివాళ్లు అంటారు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. మెదడులో గడ్డను కరిగించే ఇంజక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. స్కాన్ తీయడానికి పట్టే సమయం కూడా అందులోదే. అందుకే లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

108కి ఫోన్ చేస్తే ఏం చెప్పాలి?

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సుకు డబ్బు కట్టనక్కర్లేదు. కొత్తగా వచ్చినవారికి వచ్చే చిక్కు చిరునామాతోనే. 'మా బాబాయి వాళ్లిల్లు, కొత్తపేట' అంటే డ్రైవర్‌కు ఏమీ తెలియదు. చుట్టాల ఇంట్లో దిగిన రోజే కాలనీ పేరు, రోడ్డు నంబరు, ప్లాట్ నంబరు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మెయిన్ రోడ్డుకు దగ్గరలో ఉంటే మెట్రో పిల్లర్ నంబరు చెప్పండి, ఈ రూట్లో అంతకు మించిన గుర్తు లేదు. ఒకరిని గల్లీ మొదట్లో నిలబెట్టండి.

చిన్న జబ్బులకు బస్తీ దవాఖానా

జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు, షుగర్ మాత్రలు అయిపోవడం లాంటి వాటికి కార్పొరేట్ ఆసుపత్రి ఎమర్జెన్సీ తలుపు తట్టనక్కర్లేదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో డాక్టర్ చూస్తారు, మందులు ఉచితం. రక్త నమూనా తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి పంపిస్తారు. ఊరి నుంచి వచ్చినవారినీ చూస్తారు. పగటిపూటే పనిచేస్తాయి, వారపు సెలవు ఏ రోజో మ్యాప్‌లోనో ఇంటివాళ్లనో అడిగి చూసుకోండి. పాత చీటీ ఊళ్లో ఉండిపోయిందా? దాన్నీ, మాత్రల అట్టనూ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమని ఇంటికి ఫోన్ చేయండి. 'తెల్లగా, గుండ్రంగా ఉండే బీపీ మాత్ర' అంటే ఏ డాక్టరూ ఏమీ రాయలేరు.

పడకలు, పరీక్షలు ఉండే సర్కారు ఆసుపత్రి కావాలంటే దిల్‌సుఖ్‌నగర్ వైపు వారికి మలక్‌పేట ఏరియా ఆసుపత్రి, ఎల్బీనగర్ దాటిన వారికి వనస్థలిపురం ఏరియా ఆసుపత్రి దగ్గర. కొత్తపేట పాత పండ్ల మార్కెట్ స్థలంలో టిమ్స్‌కు 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. 1000 పడకల ఆసుపత్రిగా తలపెట్టినది అది. భవనం కనిపించింది కదా అని రోగితో నేరుగా వెళ్లకుండా, మీకు కావాల్సిన విభాగం అక్కడ నడుస్తోందో లేదో ముందు కనుక్కోండి.

పెద్దాసుపత్రులకు మెట్రో సులువు, కానీ నడవగలిగే రోగికి మాత్రమే. పిల్లల నీలోఫర్‌కు ఎల్బీనగర్ లైన్‌లోనే లక్డీకాపూల్‌లో దిగి ఆటో ఎక్కాలి. ఉస్మానియాకు ఎంజీబీఎస్ దగ్గర. గాంధీకి ఎంజీబీఎస్‌లో లైన్ మారితే గాంధీ హాస్పిటల్ పేరుతోనే స్టేషన్ ఉంది. అంటువ్యాధులకు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, పాతవాళ్లు కోరంటి అనేది దాన్నే.

విరేచనాలు, వడదెబ్బ: ఇంట్లో ముందు చేయాల్సింది

బయటి తిండి, మారిన నీళ్లు, ఎండ. ఈ మూడూ కలిస్తే పిల్లలకు విరేచనాలే. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒకేసారి కలపాలి, అర ప్యాకెట్ అర గ్లాసు లెక్కలు వద్దు. 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పదేళ్లలోపు వారికి 100 నుంచి 200, చెంచాతో కొద్దికొద్దిగా ఇవ్వండి. మెడికల్ షాపులో పేరు చూసి మోసపోవద్దు. తీపి పానీయాలపై ఓఆర్ఎస్ అని రాసుకోవడాన్ని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆపేసింది. దాని వెనుక హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. డబ్బాపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదవండి.

కళ్లు లోతుకు పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా ఆసుపత్రికే. అది లేనప్పుడు 'ఒక సెలైన్ ఎక్కించండి సార్' అని పట్టుబట్టడం మన అలవాటు. తాగగలిగే మనిషికి నోటితో తాగించేదే సరిపోతుంది.

ఎండలో తిరిగి వచ్చిన మనిషి ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది మామూలు జ్వరం కాదు. పారాసెటమాల్ పనిచేయదు. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లతో తడిపి ఫ్యాను వేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయొద్దు.

ఊరి కార్డు ఇక్కడ చెల్లుతుందా?

తెలంగాణలో ఏ జిల్లావారికైనా ఆరోగ్యశ్రీ రాష్ట్రమంతా ఒకటే. 2023 డిసెంబరు 9 నుంచి పరిమితి 10 లక్షల రూపాయలు. ఏపీ కుటుంబాలకు హైదరాబాద్‌లోని కొన్ని ఆసుపత్రుల్లో ఎంపిక చేసిన పెద్ద చికిత్సలు 2019 నవంబరు నుంచి ఆరోగ్యశ్రీ కిందకు వచ్చాయి. ఇప్పుడా పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఆయుష్మాన్ భారత్ కార్డును వేరే రాష్ట్రంలోని అనుబంధ ఆసుపత్రిలోనూ వాడుకోవచ్చు, సందేహాలకు 14555. ఇవన్నీ పడక మీద చేరిన చికిత్సకే, మామూలు ఓపీ చీటీకి కాదు. కౌంటర్‌లో డిపాజిట్ కట్టే ముందే ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడుందని అడగండి. కట్టేశాక అడిగితే వెనక్కి రాబట్టడం వేరే యుద్ధం.

ప్రైవేటు బీమా ఉంటే అత్యవసరంగా చేరిన వెంటనే కంపెనీకి చెప్పండి. క్యాష్‌లెస్ దరఖాస్తుపై గంటలోపు, డిశ్చార్జి బిల్లుపై 3 గంటల్లోపు బీమా సంస్థ తేల్చాలని ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. డబ్బు లేదన్న కారణంతో ప్రాణాపాయంలో ఉన్నవారిని వెనక్కి పంపడం కుదరదు. ప్రాణం నిలపడం సర్కారు, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి డాక్టరు బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

కుక్క కరిస్తే

సెలవుల్లో గల్లీలో ఆడుకునే పిల్లలకు ఇది తప్పని భయం. పసుపు, కారం రుద్దకుండా, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. నారాయణగూడలోని ఐపీఎంలో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో టీకా వేస్తారు. గాయం లోతుగా ఉంటే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. సర్కారు ఆసుపత్రుల్లో డోసులు సాధారణంగా 0, 3, 7, 28 రోజుల్లో పడతాయి. అంటే మొదటిది ఇక్కడ పడినా చివరిది పడేసరికి మీరు ఊళ్లో ఉంటారు. టీకా చీటీని బిడ్డ బట్టల సంచిలో కాకుండా మీ పర్సులో పెట్టుకోండి, ఫొటో కూడా తీసుకోండి. మిగతా డోసులు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అదే చీటీ చూపించి వేయించుకోవచ్చు.