చౌరీచౌరా: మంట తర్వాత

1922 ఫిబ్రవరి 4న గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో సహాయ నిరాకరణ వాలంటీర్లపై పోలీసులు కాల్పులు జరిపారు. రెచ్చిపోయిన జనం ఠాణా తగలబెట్టారు. 20 మందికి పైగా పోలీసులు చనిపోయారు. ఆ దహనాన్ని సమర్థించే పని మనకు లేదు. గాంధీజీ ఉద్యమాన్ని నిలిపివేసి, అయిదు రోజులు ఉపవాసం చేశారు.

పాఠ్యగ్రంథాలు ఇక్కడే ఆగిపోతాయి. తరువాతి హింస మాటేమిటి? 1923 జనవరిలో సెషన్స్ కోర్టు ఏకంగా 172 మందికి మరణశిక్ష విధించింది! ప్రధానాధారం, అప్రూవర్‌గా మారిన మీర్ షికారీ వాఙ్మూలం. మాలవీయ అప్పీలులో వాదించాక హైకోర్టు 19 మందికి ఉరి ఖాయం చేసింది. ('19 మందికే' అనడానికి కలం ఒప్పుకోదు.) జూలైలో వారిని ఉరితీశారు. ఆవేశం లేదు, తొందర లేదు. అంతా సంతకాలతోనే జరిగింది. చాలాకాలం జాతీయోద్యమమూ ఆ రైతులను నేరస్థులుగానే చూసింది. ఆ ఇళ్లవాళ్లు చెప్పుకున్న కథలు విని షాహిద్ అమీన్ 1995లో పుస్తకం వెలువరించాడు.