ఇసుకలో దిగబడిన బండి

సికింద్రాబాద్ నుంచి సుచిత్ర, మేడ్చల్, తూప్రాన్ మీదుగా సాగి గోదావరి దాటి నాగపూర్ చేరే దారి, ఒకప్పుడు 7వ నెంబరుతోనూ ఇప్పుడు 44వ నెంబరుతోనూ పిలిచే జాతీయ రహదారి, చాలావరకు రాతినేలల మీదా చలక, నల్లరేగడి భూముల మీదా నడుస్తుంది కనుక, బండి ఇసుకలో దిగబడే బెడద ఇక్కడ వాగులూ నదులూ దాటే చోట్లకే పరిమితమై ఉండేది. వంతెనలు లేని రోజుల్లో వేసవిలో నీరు ఇంకిన వాగు గర్భమే బాట అయ్యేది. ఇనుప పట్టా బిగించిన సన్నని చక్రం ఇరుసు దాకా దిగినప్పుడు బరువు దించి, చక్రాల ముందున్న ఇసుక తోడి, కంపో ఈత మట్టలో పరిచి, అవసరమైతే మరో జత ఎడ్లను కట్టి నిదానంగా లాగించడమే దారి. మోటారు బండ్ల కాలంలో పనిముట్లు మారినా ఈ పనుల వరుస మాత్రం అలాగే నిలిచింది.

ఆ వరుసకు శాస్త్రపు పునాది వేసినవారిలో రాల్ఫ్ బాగ్నోల్డ్ అగ్రగణ్యుడు. బ్రిటిష్ సైన్యంలో అధికారిగా 1920లలో ఈజిప్టులో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా మిత్రులతో కలిసి ఫోర్డు కార్లలో లిబియా ఎడారిలోకి వెళ్లిన ఆయన, టైర్లలో గాలి తగ్గిస్తే బండి ఇసుక మీద తేలికగా సాగుతుందనీ, కైరో పాతసామాన్ల అంగడిలో దొరికిన ఉక్కు పట్టీలను చక్రాల కింద పరిస్తే దిగబడిన బండి పైకి వస్తుందనీ అనుభవంతో తేల్చాడు. 1940లో ఆయన నెలకొల్పిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే సైనిక దళం వాడిన షెవర్లే లారీలలో ఎక్కువ వాటికి వెనక చక్రాలకే ఇంజను శక్తి అందేది. నాలుగు చక్రాలూ తిరిగితే చాలు ఇసుక దానంతటదే లొంగుతుందన్న నేటి నమ్మకానికి ఈ ఒక్క సంగతే గట్టి జవాబు. తరువాత భారతీయ సైనికులతో ఏర్పడిన ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడా అదే ఎడారిలో అదే విద్యను అభ్యసించింది.

దిగబడిన, దెబ్బతిన్న వాహనాన్ని తిరిగి చేజిక్కించుకోవడాన్ని సైనిక పరిభాషలో రికవరీ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఎడారిలో చెడిన ట్యాంకులను జర్మన్లు చురుగ్గా లాక్కుపోయి బాగుచేసుకునేవారు. బ్రిటిష్ సైన్యం 1942లో రికవరీకీ మరమ్మతులకూ ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచగా, మరుసటి ఏడాది భారత సైన్యంలోనూ అలాంటిదే వెలిసింది. నేటి కోర్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్ అదే. దాని ప్రధాన శిక్షణ కళాశాల సుచిత్రకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, తిరుమలగిరిలో ఉంది. ఎడారి గానీ సముద్రం గానీ లేని ఈ రాతి పీఠభూమికి ఇసుక యుద్ధంలో పుట్టిన విద్యతో ఇంత దగ్గరి చుట్టరికం ఉండటం ఈ ప్రాంత చరిత్రలో తగినంత గుర్తింపు పొందని అంశం.

ఆ విద్య నేడు అక్కరకొచ్చేది సముద్రతీరాల్లో. నగర శివార్ల నుంచి సూర్యలంక తీరానికో మంగినపూడి తీరానికో వెళ్లే ఆల్ వీల్ డ్రైవ్ కారు, అంటే నాలుగు చక్రాలకూ శక్తిని తానే పంచే బండి, ఇసుకలో ఆగిపోగానే చోదకుడు యాక్సిలరేటర్ తొక్కితే ప్రతి చక్రమూ తన గోతిని తానే తవ్వుకుంటుంది. చివరికి బండి అడుగుభాగం ఇసుక మీద ఆని చక్రాలకు పట్టు పోతుంది. రోడ్డు మీద 32 పీఎస్‌ఐ ఉండే గాలిని 16కు దించితే టైరు నేలను తాకే జాగా బాగా పెరుగుతుంది, అదీ వెడల్పులో కన్నా నిడివిలోనే ఎక్కువగా. చక్రం జారగానే శక్తిని కోసేసే ట్రాక్షన్ కంట్రోల్ అనే ఎలక్ట్రానిక్ ఏర్పాటును ఇసుకలో చాలా సందర్భాల్లో ఆపివేయవలసి వస్తుంది. అడుగున పేరుకున్న ఇసుకను పారతో పూర్తిగా తీసి, వచ్చిన జాడలోనే వెనక్కి నడపడం అన్నిటికన్నా క్షేమం.

మరో బండితో లాగించడమే వీటన్నిటిలో ప్రాణాపాయం గల పని. సాగే నైలాన్ మోకు తన నిడివిలో దాదాపు మూడో వంతు వరకు సాగి, ఆ శక్తినంతా దాచుకొని ఒక్కసారిగా విడుదల చేస్తుంది. దాన్ని ట్రెయిలర్ తగిలించే గుండుకు కట్టగా ఆ గుండు విరిగి తూటాలా దూసుకొచ్చి మనుషుల ప్రాణాలు తీసిన ఉదంతాలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. బంపరు మూత తీసి మరతో బిగించే వలయం గట్టి రోడ్డు మీద మెల్లగా లాగడానికి చేసినదే గాని ఇలాంటి కుదుపు కోసం కాదు. కాబట్టి చాసిస్‌కు బిగించిన, బరువు పరిమితి తెలిసిన కొక్కేనికే మోకు తగిలించాలి, దాని మీద తడి గోనెసంచి వేయాలి, చూసేవారంతా మోకు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో పక్కకు నిలబడాలి. బండి గట్టునపడ్డాక, తారు రోడ్డెక్కే ముందే టైర్లలో మళ్లీ గాలి నింపాలి; తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది, మలుపులో అంచు నుంచి ఊడిపోతుంది కూడా.