హడిల్ అంటే హడలు కాదు

మొన్న పొద్దున్న మా అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని గదిలోకి పోతూ, "అమ్మా, హడిల్ ఉంది, పది నిమిషాలు ఎవరూ రాకండి" అని తలుపేసుకుంది. హాల్లో ఉన్న మా అత్తయ్యగారు కంగారుగా, "ఏమైందే, పిల్ల దేనికి హడలిపోయింది?" అన్నారు. రెండేళ్లుగా ఆవిడకి వినికిడి బాగా తగ్గింది. నాకు నవ్వొచ్చింది. "ఏం లేదత్తయ్యా" అనేసి వంటింట్లోకి వచ్చేశాను.

మధ్యాహ్నం పనయ్యాక ఆ మాట వెంట పడ్డాను. బి.ఎ.లో తెలుగు చదివినదాన్ని కదా, మాట ఎక్కడ పుట్టిందో తెలిసేదాకా నాకు తోచదు.

హడిల్ అంటే దగ్గర దగ్గరగా గుమిగూడడం. చలికి ఒకరినొకరు ఆనుకుని ఒదిగి కూర్చోవడం కూడా హడిలే. ఇంగ్లీషులో ఇది 16వ శతాబ్దం నుంచీ కనిపిస్తుంది. జర్మనీ ఉత్తర ప్రాంతపు భాషలోంచి వచ్చి ఉంటుందని పండితుల ఊహ. అక్కడి 'హూడెర్న్' అనే మాటకి తల్లికోడి పిల్లల్ని రెక్కల కిందకి తీసుకోవడం అని అర్థం. అది చదవగానే మన 'పొదువుకోవడం' గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. దాచిపెట్టడం అనే అర్థమున్న 'హైడ్' కూడా దీనికి చుట్టమేనట.

మొదట్లో ఈ మాటకి ఇంత మంచి పేరు లేదు. వస్తువుల్ని ఓ పద్ధతి లేకుండా కుప్పపోసినా, పనిని హడావిడిగా ముగించినా హడిల్ అనేవారు. షేక్‌స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో ఒకడి నెత్తిన నష్టాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయని చెప్పడానికి ఈ మాటే వాడాడు. 1883లో ఎమ్మా లాజరస్ అనే అమెరికన్ కవయిత్రి, పొట్ట చేతపట్టుకుని ఓడల్లో వలస వచ్చే పేదల గురించి రాసిన కవితలోనూ ఇది ఉంది. ఆ కవితని 1903లో కంచు పలక మీద చెక్కించి న్యూయార్క్ స్వేచ్ఛాదేవి విగ్రహం దగ్గర పెట్టారు.

ఆటల్లోకి ఈ అలవాటు ఎలా వచ్చిందో చదువుతూ మాత్రం ఆగిపోయాను. వాషింగ్టన్‌లో చెవిటివారి కోసం 1864లో అబ్రహాం లింకన్ సంతకంతో మొదలైన కాలేజీ ఒకటుంది. ఇప్పుడది గాలడెట్ విశ్వవిద్యాలయం. 1890ల్లో అక్కడి ఫుట్‌బాల్ జట్టులో పాల్ హబ్బర్డ్ అనే ఆటగాడు ఉండేవాడు. వాళ్ల ఫుట్‌బాల్ మనది కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. తర్వాతి ఎత్తు ఏమిటో జట్టువాళ్లకి సైగలతో చెప్పాలి. కానీ ఎదుటి జట్టూ చెవిటివాళ్లదే అయితే? ఆ సైగలన్నీ వాళ్లకీ అర్థమైపోతాయి. అందుకని హబ్బర్డ్ తన వాళ్లందర్నీ గుండ్రంగా దగ్గరకి చేర్చి, మధ్యలో చేతులు పెట్టి చెప్పేవాడు. బయటివాళ్లకి వీపులే కనిపించేవి. లోపలివాళ్లకి అందరి ముఖాలూ, చేతులూ కనిపించేవి.

తర్వాత మిగతా జట్లూ అందుకున్నాయి. 2003 ప్రపంచకప్‌లో వికెట్ పడ్డప్పుడల్లా గంగూలీ జట్టు భుజాల మీద చేతులేసుకుని గుండ్రంగా నిలబడడం మనమంతా టీవీలో చూశాం. ఇప్పుడు ఆఫీసుల్లో పది నిమిషాల మీటింగుకీ అదే పేరు.

అంటే, చెవులు వినబడనివాళ్లు ఒకరినొకరు చూసుకోవడానికి కట్టిన వలయం అది. నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. రాత్రి అన్నాలప్పుడు అందరం సోఫాలో వరసగా, టీవీకేసి చూస్తూ కూర్చుంటాం. ఆ చివర అత్తయ్యగారు. ఎవరి పెదాలూ ఆవిడకి కనబడవు. మేం నవ్వితే ఆవిడా నవ్వి, కాసేపాగి "ఏమిటే?" అంటారు. "ఏం లేదత్తయ్యా" అంటాను. రెండేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో!

ఆ రాత్రి టీవీ కట్టేసి, లైటు కింద చాప పరిచి కంచాలు గుండ్రంగా పెట్టాను. అత్తయ్యగారికి మాత్రం మోకాళ్ల నొప్పులు కాబట్టి చిన్న కుర్చీ వేశాను. మా ఆయన మొహం ముడుచుకుని, "మ్యాచ్ ఉంది కదా" అన్నారు. అయినా వచ్చి కూర్చున్నారు.

"ఇంతకీ పొద్దున్న దేనికి హడలిపోయావే?" అని అత్తయ్యగారు మనవరాల్ని అడిగారు. అది పగలబడి నవ్వి, ఆవిడకెదురుగా జరిగి, ఒక్కో మాటా నిదానంగా చెప్పింది. మామ్మ దాని పెదాలనే చూస్తూ విన్నారు.

"అంటే నలుగురూ దగ్గరగా చేరి మాట్లాడుకోవడమా? మరి మా మొహాన తలుపెందుకేశావే?" అన్నారు.

దానికి జవాబు దొరకలేదు. ఇంకొంచెం అన్నం వడ్డించమని నా వైపు కంచం జరిపింది.